స్కానింగ్ గదిలో మందుల లెక్క ఎవరిది?

మస్కట్‌లో మన తెలుగువాళ్ళకి ఒక అలవాటుంది. పెద్ద ఆస్పత్రికి వెళ్ళాల్సిన అవసరం వస్తే ఇంగ్లీషు వచ్చిన వాళ్ళనొకరిని వెంటబెట్టుకు వెళతారు. ఆ వచ్చేవాడు డాక్టరే కానక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరైనా సరిపోతాడు! అలా నేను ఇప్పటికి చాలామందికి తోడు వెళ్ళాను. ఎక్కువసార్లు నా పని ఫారాలు నింపడం, ఇన్సూరెన్సు కౌంటర్ దగ్గర వాదించడం, అంతే. కానీ ఒక జులై నెలలో జరిగిన సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆయనది శ్రీకాకుళం జిల్లా, కవిటి దగ్గర ఒక పల్లె. వయసు 46. బిల్డింగు పనుల్లో స్కాఫోల్డింగు కట్టే మనిషి. మూడు రోజులుగా కడుపులో నొప్పి తగ్గకపోతే ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు చూసి, కాంట్రాస్టు ఇచ్చి సీటీ స్కాన్ తీయాలన్నారు. కాంట్రాస్టు అంటే నరంలోకి ఎక్కించే అయోడిన్ మందు, అది ఎక్కితే లోపలి భాగాలు ఫిల్ములో స్పష్టంగా కనబడతాయి. స్కానింగ్ దగ్గర ఫారం ఇచ్చారు, ఒకవైపు అరబిక్, ఇంకోవైపు ఇంగ్లీషు. నర్సమ్మ మలయాళీ. హిందీలో గబగబా అడిగింది: షుగరుందా, కిడ్నీ జబ్బుందా, అలర్జీ ఉందా? ఆయన మూడింటికీ "నహీ" అన్నాడు. నేను మూడు చోట్లా "నో" అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆయన సంతకం పెట్టాడు.

చేతికి కాన్యులా పెడుతుండగా అక్కడి రేడియోగ్రాఫర్, ఒక ఒమనీ అమ్మాయి, ఫారం చూసి కూడా మళ్ళీ నన్నడిగింది: "రోజూ వేసుకునే బిళ్ళలేమైనా ఇండియా నుంచి తెచ్చుకున్నాడేమో అడగండి." నేను తెలుగులో అడిగాను. ఆయన చొక్కా జేబులోంచి కత్తిరించిన మాత్రల అట్టముక్క తీశాడు. "ఇది మందు కాదు బాబూ, అన్నం తిన్నాక ఏసుకునేది," అన్నాడు. అట్ట మీద పేరు సగం తెగిపోయింది. "ఫార్మిన్ 500" అన్నది మాత్రం మిగిలింది. మెట్‌ఫార్మిన్, షుగరు బిళ్ళ.

ఆ అమ్మాయి మందు ఎక్కించడం ఆపి రక్తపరీక్షకి పంపింది. క్రియాటినిన్ 2.7 వచ్చింది. ఆ వయసు మగవాళ్ళకి ఆ అంకె అంటే కిడ్నీలు వడకట్టే శక్తి, అంటే డాక్టర్లు ఈజీఎఫ్ఆర్ అనే లెక్క, 30 కన్నా కిందకి పడిపోయినట్టు. అంత తక్కువుంటే ఆ షుగరు బిళ్ళే వాడకూడదు, కాంట్రాస్టు సంగతి తరవాత. డాక్టరు కాంట్రాస్టు లేకుండానే స్కాన్ తీయించారు. మూత్రనాళంలో రాయి కనబడింది. రాళ్ళు కనబడటానికి కాంట్రాస్టు అక్కర్లేదట.

బయటికొచ్చాక ఎందుకు చెప్పలేదని అడిగితే, "షుగరుందంటే కంపెనీ ఓళ్ళు ఇంటికి పంపించేత్తారు బాబూ," అన్నాడు. నేను మాట్లాడలేకపోయాను. ఆ టిక్కులు పెట్టింది నేనే కదా.

ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు కాబట్టి దీన్ని ఇక్కడితో మర్చిపోవచ్చు. కానీ నాలోని ఇంజనీరుకి ఒక ప్రశ్న పట్టుకుంది. అదే ఆస్పత్రి ఫార్మసీలో పారాసెటమాల్ ఇచ్చేటప్పుడు కూడా కంప్యూటర్లో ఎంట్రీ పడుతుంది, ఫార్మసిస్టు చూస్తాడు, డోసు రాసి ఇస్తాడు. నరంలోకి నూరు మిల్లీలీటర్ల మందు ఎక్కించబోతున్నప్పుడు మాత్రం మధ్యలో ఉన్న అడ్డుకట్ట ఒక్క కాయితం, దాని మీద నా టిక్కు. ఎందుకలా?

మన దృష్టిలో రేడియాలజీ అంటే ఒక ఫోటో స్టూడియో. బట్టలు మార్చుకుని, ఊపిరి బిగబట్టి, ఫిల్ము తీసుకుని వచ్చేస్తాం. నిజానికి అది రోజంతా మందులు వాడే విభాగం. సీటీకి అయోడిన్ కాంట్రాస్టు, ఎమ్మారైకి గాడోలినియం, మూసిన గుహలాంటి ఆ మెషీన్లో పడుకోలేక భయపడేవాళ్ళకి మత్తుమందు, గుండె సీటీకి ముందు నాడి తగ్గించే మందు, పెట్ స్కానుకి రేడియోధార్మిక మందు. సీటీలో కాంట్రాస్టుని చేత్తో కూడా ఎక్కించరు, మెషీను సెకనుకి మూడు నాలుగు మిల్లీలీటర్ల వేగంతో తోస్తుంది. ఒకసారి బటన్ నొక్కాక ఆలోచించుకునే వ్యవధి ఉండదు.

అమెరికాలో మందుల ప్రమాణాలు నిర్ణయించే యూఎస్ ఫార్మకోపియా సంస్థ 2006లో ఒక నివేదిక వేసింది. 2000 నుంచి 2004 వరకు ఆస్పత్రులు తమంతట తాము నమోదు చేసిన మందుల పొరపాట్లలో రేడియాలజీ, కార్డియాక్ క్యాథ్ ల్యాబు, న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలకి సంబంధించినవి 2,032 తేలాయి. మొత్తం పొరపాట్లలో అది చిన్న అంకే. కానీ వాటిలో 12 శాతం రోగికి హాని చేశాయి. అన్ని విభాగాలూ కలిపి చూసినప్పటి శాతానికి ఇది ఏడు రెట్ల పైమాట. అంటే అక్కడ పొరపాటు జరిగితే దాన్ని దారిలో పట్టుకునేవాళ్ళు తక్కువన్నమాట.

ఎందుకు తక్కువో చెప్పాలంటే కొంచెం మా వృత్తి భాషలోకి దిగాలి, క్షమించండి. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌లో సాధారణంగా మందులది ఒక టేబుల్, పరీక్షలది ఇంకో టేబుల్. డాక్టరు ఒక యాంటీబయాటిక్ రాస్తే అది మందుల టేబుల్లోకి వెళుతుంది. వెంటనే అలర్జీ ఉందా, ఇంకో మందుతో పడుతుందా, కిడ్నీకి డోసు తగ్గించాలా అన్న తనిఖీలు నడుస్తాయి, ఫార్మసిస్టు తెర మీద కనబడుతుంది. అదే డాక్టరు "కాంట్రాస్టుతో కడుపు సీటీ" అని రాస్తే? చాలాచోట్ల అది పరీక్షల టేబుల్లో ఒక వరుస, అంతే. అందులో ఉన్న మందు ఆ పరీక్ష పేరులో ఒక మాటగా మిగిలిపోతుంది. తనిఖీ చేసే ప్రోగ్రాముకి అది మందని తెలియదు, తెలియని దాన్ని తనిఖీ చేయదు. అమెరికాలో ఆస్పత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ తన నిర్వచనంలో కాంట్రాస్టుని కూడా మందుగానే లెక్కపెడుతుంది. కాయితం మీద నిర్వచనం మార్చడం తేలిక, డేటాబేసు స్కీమా మార్చడం ఎంత కష్టమో ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి నేను చెప్పనక్కర్లేదు.

ఈ గొడవంతా ఒక్క గదిలో పోగుపడితే ఏమవుతుందో చూడాలంటే 2017 డిసెంబరులో అమెరికాలోని నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ఆస్పత్రిలో జరిగింది చూడాలి. మెదడులో రక్తస్రావంతో చేరి కోలుకుంటున్న 75 ఏళ్ళ ఆవిడని పెట్ స్కానుకి పంపారు. మెషీనులో పడుకోవాలంటే ఆవిడకి భయం. కాస్త నెమ్మదించడానికి వెర్సెడ్ అనే మందు ఇమ్మన్నారు. నర్సు రాడొండా వాట్ మందుల క్యాబినెట్ దగ్గరికి వెళ్ళి తెర మీద "వీ", "ఈ" అని రెండక్షరాలు కొట్టింది. వెర్సెడ్ అన్నది కంపెనీ పెట్టిన పేరు. క్యాబినెట్లో మందులున్నది అసలు పేర్లతో, అంటే ఇది మిడాజొలాం పేరుతో. కాబట్టి దొరకలేదు. ఆమె ఓవర్‌రైడ్ నొక్కి మళ్ళీ అవే రెండక్షరాలు కొడితే వచ్చింది వెక్యురోనియం. కండరాలని, ఊపిరిని సైతం స్తంభింపజేసే మందు అది. వెర్సెడ్ ద్రవం, వెక్యురోనియం పొడి, నీళ్ళు కలిపితే తప్ప ఎక్కించలేం. మూత మీద హెచ్చరిక ఉంది. అయినా అది రోగి ఒంట్లోకి వెళ్ళింది. ఆ స్కానింగ్ విభాగంలో మందు బార్‌కోడు చదివే స్కానరు లేదు. మందిచ్చాక దగ్గరుండి కనిపెట్టుకున్నవాళ్ళు కూడా లేరు. ఆవిడ దక్కలేదు.

నర్సు తప్పు చిన్నది కాదు. తనే ఒప్పుకుంది కూడా. 2022 మార్చిలో కోర్టు ఆమెని నేరస్తురాలిగా తేల్చింది, మే నెలలో మూడేళ్ళ ప్రొబేషన్ శిక్ష వేసింది. దేశమంతటా నర్సులు గగ్గోలు పెట్టారు. నిజాయితీగా తప్పు చెప్పుకుంటే జైలు దాకా లాగుతారంటే రేపు ఎవరు చెబుతారు అన్నది వాళ్ళ బాధ. నాకు మాత్రం ఆ కేసులో అన్నిటికన్నా గట్టిగా తగిలింది ఆ రెండక్షరాలు. సెర్చ్ బాక్సులో ఎన్ని అక్షరాలు కొడితే ఫలితాలు చూపించాలి అన్నది మా మీటింగుల్లో అయిదు నిమిషాలు కూడా మాట్లాడని విషయం. దీని తరవాత మందుల భద్రతా సంస్థలు కనీసం అయిదక్షరాలు కొట్టించమని గట్టిగా చెప్పాయి, క్యాబినెట్లు తయారుచేసే కంపెనీలు ఆ సదుపాయం తెచ్చాయి. ఒక డిఫాల్ట్ సెట్టింగు మారడానికి ఒక ప్రాణం పోవాల్సొచ్చింది.

కంప్యూటర్లతో సంబంధం లేనివి కూడా ఉన్నాయి. 2004 నవంబరులో సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆస్పత్రిలో మేరీ మెక్లింటన్ అనే 69 ఏళ్ళ ఆవిడకి మెదడు రక్తనాళంలో బుడగకి చికిత్స చేస్తున్నారు. బల్ల మీద గిన్నెల్లో సెలైనూ, కాంట్రాస్టూ, చర్మం శుభ్రం చేసే క్లోర్‌హెక్సిడిన్‌ ద్రావణమూ పోసి ఉన్నాయి. మూడూ నీళ్ళలాగే కనబడతాయి, గిన్నెల మీద పేర్లు లేవు. కాంట్రాస్టు అనుకుని క్లోర్‌హెక్సిడిన్ ఎక్కించారు. ఆవిడ 19 రోజుల తరవాత చనిపోయారు. ఆస్పత్రి దాచలేదు, బహిరంగంగా క్షమాపణ చెప్పింది. తరవాత ఆవిడ పేరుతోనే ఏటా ఒక భద్రతా పురస్కారం పెట్టింది. ఒక స్టిక్కరు అంటించి ఉంటే సరిపోయేది.

ఇక మనం ఉంటున్న ఒమన్ సంగతికి వద్దాం. ఇక్కడి వైద్యం గురించి నేను తక్కువ చేసి మాట్లాడను. 1970లో సుల్తాన్ ఖాబూస్ పాలన మొదలయ్యేనాటికి దేశంలో ఆస్పత్రులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళకే, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాల ఆరోగ్య వ్యవస్థలకి ర్యాంకులిస్తే ఒమన్‌కి మొత్తం మీద 8వ స్థానం వచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆరోగ్య శాఖ సొంతంగా తయారుచేసుకున్న 'అల్ షిఫా' అనే సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో "హాని లేని మందులు" పేరుతో, మందుల వల్ల జరిగే తీవ్రమైన హానిని అయిదేళ్ళలో సగానికి తగ్గించాలని పిలుపునిచ్చింది. మరుసటి ఏడాది ఆ సంస్థకి మన ప్రాంతపు డైరెక్టరైన డాక్టర్ అహ్మద్ అల్ మంధరీ ఒమనీయే, అంతకుముందు ఇక్కడి ఆరోగ్య శాఖలో నాణ్యతా విభాగం చూసిన మనిషి. కాబట్టి ఈ దేశానికి ఈ విషయం కొత్తదేం కాదు.

కానీ మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది ప్రభుత్వ ఆస్పత్రులకి కాదు. కంపెనీ ఇన్సూరెన్సు ఏ క్లినిక్కి రాసి ఉంటే అక్కడికి. ప్రైవేటులో ఎవరి సాఫ్ట్‌వేర్ వారిది. రువీలో చేయించుకున్న రక్తపరీక్ష అల్ ఖువైర్ ఆస్పత్రిలో కనబడదు. కంపెనీ మారితే ఇన్సూరెన్సు మారుతుంది, ఇన్సూరెన్సు మారితే ఆస్పత్రి మారుతుంది, పాత ఫైలు పాత చోటే ఉండిపోతుంది. ఇక మందులంటారా, సగం మంది ఇంటి నుంచి ఆర్నెల్లకో ఏడాదికో సరిపడా సూట్‌కేసులో తెచ్చుకుంటారు. ఇక్కడి డాక్టరుకి ఆ షుగరు బిళ్ళ గ్లూకోఫేజ్‌గా తెలుసు, మన మెడికల్ షాపులో అది గ్లైకోమెట్. గ్లైకోమెట్ జీపీ అయితే అందులో గ్లిమిపిరైడ్ అనే ఇంకో మందు కూడా కలిసుంటుంది. ఇక ఆ అట్టని జేబులో పట్టేటట్టు కత్తిరిస్తే అసలు పేరే ఉండదు.

దీనికి తోడు ఎండ. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం ఉంది. అయినా పొద్దున ఆరింటికి మొదలెట్టినా ఒంట్లో నీరంతా చెమటగా పోయేదే. సాయంత్రానికి ఒళ్ళు నొప్పులు, దానికో నొప్పి మాత్ర. నీరు తగ్గిన ఒళ్ళు, నొప్పి మాత్రలు, ఈ రెండూ కిడ్నీకి శత్రువులే. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన యువకుల్లో కిడ్నీ జబ్బుల గురించి నేపాల్ డాక్టర్లు కొన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నారు.

పైగా మన ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి తోటలు, జీడి తోటలు ఉన్న ఆ చల్లటి నేలలో షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇన్నేళ్ళ పరిశోధన తరవాత కూడా ఖచ్చితంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో దీనికోసమే ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. ఆ పల్లెల నుంచి గల్ఫ్‌కి వచ్చేవాళ్ళు తక్కువేం కాదు. మస్కట్‌లో స్కానింగ్ గదిలో ఉన్న నర్సమ్మకి ఉద్దానం అంటే ఏమిటో తెలియదు, తెలియాలని అనుకోవడం కూడా అన్యాయమే. ఫారంలో "ఏ ఊరు?" అన్న గడి ఉండదు. "కిడ్నీ జబ్బుందా?" అన్న గడి ఉంటుంది. ఈ జబ్బు ముదిరేదాకా నొప్పీ గిప్పీ చెప్పదు కాబట్టి, ఉన్నవాడు కూడా నిజాయితీగానే "లేదు" అంటాడు. అబద్ధమాడేవాడి సంగతి పక్కన పెట్టినా, నిజం చెప్పేవాడి జవాబు మీద కూడా ఆధారపడలేం. రక్తపరీక్ష ఒక్కటే దారి, ఖర్చు కూడా పెద్దది కాదు.

ఇక్కడ ఒకమాట. ఇదంతా చదివి ఎవరూ కాంట్రాస్టు వద్దని డాక్టరుతో పోట్లాడకండి. ఇప్పుడు వాడే కాంట్రాస్టు మందులు పాతవాటికన్నా చాలా మెరుగు. 1990లో జపాన్‌లో మూడు లక్షల మందికి పైగా రోగుల మీద చేసిన పెద్ద అధ్యయనంలో కొత్తరకం కాంట్రాస్టుతో తీవ్రమైన రియాక్షన్ వచ్చింది పదివేలకి నలుగురికి. కిడ్నీ భయం కూడా ఒకప్పుడు అనుకున్నంత లేదని 2020లో అమెరికన్ రేడియాలజీ కాలేజీ, నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ కలిసి చెప్పాయి. ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తక్కువ ఉన్నవాళ్ళ విషయంలోనే అసలు జాగ్రత్త అని వాళ్ళ మాట. అవసరమైన స్కాన్ మానేస్తే జరిగే నష్టం చాలాసార్లు దీనికన్నా ఎక్కువ.

మెట్‌ఫార్మిన్ సంగతి కూడా చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. ఆ బిళ్ళ కిడ్నీని పాడు చేయదు. కిడ్నీ మందగిస్తే ఆ బిళ్ళ బయటికి పోలేక ఒంట్లో పేరుకుని, రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. అందుకే ఈజీఎఫ్ఆర్ 30 కీ 60 కీ మధ్య ఉన్నవాళ్ళు స్కాన్ నాటికి ఆపి, 48 గంటల తరవాత పరీక్ష చూసుకుని మళ్ళీ మొదలెట్టాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016లో చెప్పింది. కిడ్నీ బాగున్న వాళ్ళు మామూలు సీటీకి ఆపనక్కర్లేదని రేడియాలజిస్టులంటారు. మీ డాక్టరు ఏది చెబితే అది. ఇక గోదావరి జిల్లాలవాళ్ళ కోసం: రొయ్యలు పడనివాళ్ళకి అయోడిన్ కాంట్రాస్టు కూడా పడదన్నది ఉత్త అపోహ. రొయ్యల్లో పడనిది ఒక ప్రొటీను, అయోడిన్ కాదు. దానికి భయపడి స్కాన్ వాయిదా వేసుకున్నవాళ్ళని ఇద్దరిని చూశాను.

ఎమ్మారైలో వాడే గాడోలినియం కథ వేరు. అది నిశ్చింతగా వాడుకోవచ్చని ఏళ్ళతరబడి అనుకున్నారు. కిడ్నీ పాడైన వాళ్ళకి చర్మం చెక్కలా గట్టిపడే ఒక కొత్త జబ్బు 1997 నుంచి కనబడుతుంటే, దానికీ ఈ మందుకీ సంబంధం ఉందని యూరప్ డాక్టర్లు గమనించింది 2006లో. రోగి డయాలసిస్ ఫైలు ఒకచోట, ఎమ్మారై ఫైలు ఇంకోచోట ఉంటే రెండూ కలిపి చూసేవాళ్ళెవరు? తరవాత హెచ్చరికలొచ్చాయి, ప్రమాదం ఎక్కువున్న రకాలు పక్కకి జరిగాయి, కొత్త కేసులు బాగా తగ్గిపోయాయి.

ఈ పత్రిక చదివేవాళ్ళలో ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు, అమ్మేవాళ్ళు, ఇంప్లిమెంటేషన్ చేసేవాళ్ళు తక్కువేం కాదు. నా గొడవ కొంత వాళ్ళతోనే. మీరు పనిచేసే ఉత్పత్తిలో "కాంట్రాస్టుతో సీటీ" అని ఆర్డరు పెడితే మందుల వైపు కూడా ఒక వరుస పడుతుందా? పాత క్రియాటినిన్ ఎప్పటిదో తేదీతో సహా స్కాన్ తీసేవాళ్ళ తెర మీద కనబడుతుందా? ఇంటి మందులన్న గడిలో "లేవు" అని టిక్కు పెడితే ఆ జవాబు చెప్పింది రోగా, పక్కన ఉన్నవాడా అన్నది ఎక్కడైనా నమోదవుతుందా? ఫార్మసీ గోడౌనులో వాడే బార్‌కోడు స్కానరు ఒకటి స్కానింగ్ గదిలో పెట్టడానికి బడ్జెట్టు లేదంటే నేను నమ్మను.

ఇక్కడి మనవాళ్ళ విషయానికొస్తే, షుగరుందంటే పంపించేస్తారన్న భయం ఎంతవరకు నిజమో కంపెనీని బట్టి ఉంటుంది. అది ఉత్త భ్రమని నేను చెప్పలేను. జబ్బు చెబితే ఉద్యోగం పోదని యజమాని రాతపూర్వకంగా చెప్పేదాకా ఆ ఫారాల మీద అబద్ధాలు పడుతూనే ఉంటాయి. ఈలోగా తోడు వెళ్ళేవాళ్ళం చేయగలిగింది ఒకటుంది. నేను ఇప్పుడు ఎవరితో వెళ్ళినా "షుగరుందా?" అని అడగడం మానేశాను. ఫారం ముట్టుకోకముందే జేబులూ సంచీ చూపించమంటాను. అట్టల ఫోటోలు తీసి, మందు అసలు పేరు ఇంగ్లీషులో రాసి రేడియోగ్రాఫర్ చేతికిస్తాను. అవి కంపెనీకి వెళ్ళవని, స్కాన్ తీసేవాళ్ళకి మాత్రమేనని ముందే చెబుతాను. దాదాపు అందరూ చూపిస్తారు. ఒకాయన సంచీలో నాలుగు రకాలు బయటపడ్డాయి, అందులో రెండు ఒకే మందు, వేర్వేరు కంపెనీలవి.

ఆ కవిటి ఆయన తరవాత ఇంటికి వెళ్ళిపోయాడు, తనంతట తానే. పలాస ఆస్పత్రిలో చూపించుకుంటున్నాడు. మెట్‌ఫార్మిన్ ఆపేసి వేరే మందు రాశారట. పోయిన నెల వాట్సాప్‌లో కొత్త రిపోర్టు ఫోటో పంపించి ఎలా ఉందని అడిగాడు. క్రియాటినిన్ 2.6. పక్కనే మాత్రల అట్ట కూడా పెట్టి తీశాడు, ఈసారి కత్తిరించకుండా.